డెబ్భైల చివరి డిస్కో: అమెరికా చార్టులో ఒక నంబర్ వన్, మన క్యాసెట్‌లో ఇంకో నంబర్ వన్

పాత_రికార్డు_ప్రసాద్ (విజయవాడ), శనివారం రాత్రి 9:12

1977 నుంచి 79 దాకా అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో (వారం వారం పాటలకి ర్యాంకులిచ్చే జాబితా, చార్టు అంటారు) మొదటి స్థానానికి ఎక్కిన డిస్కో పాటలన్నీ వరసగా పెట్టుకుని వింటున్నాను. వింటుంటే ఒక అనుమానం వచ్చింది. తీరుస్తారేమోనని ఇక్కడ పెడుతున్నాను.

ముందు లెక్క. 1978 ఫిబ్రవరి మొదట్లో బీజీస్ (గిబ్ అన్నదమ్ములు ముగ్గురి బృందం) పాడిన 'స్టేయిన్ అలైవ్' పైకెక్కి నాలుగు వారాలు కూర్చుంది. దాన్ని దింపిందెవరు? వాళ్ళ తమ్ముడే, ఆండీ గిబ్. 'లవ్ ఈజ్ థికర్ దేన్ వాటర్' రెండు వారాలు. తమ్ముణ్ణి దింపింది మళ్ళీ అన్నలే, 'నైట్ ఫీవర్'తో, ఏకంగా ఎనిమిది వారాలు. తర్వాత ఇవాన్ ఎలిమన్ పాడిన 'ఇఫ్ ఐ కాంట్ హావ్ యూ'. నాలుగు పాటల రచనలోనూ బారీ గిబ్ చెయ్యి ఉంది. ఫిబ్రవరి నుంచి మే మధ్య దాకా పదిహేను వారాలు ఒకే కుటుంబం ఏలుబడి అన్నమాట. వీటిలో మూడు పాటలున్న 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా ఆల్బం అయితే ఆల్బముల చార్టులో వరసగా 24 వారాలు.

ఇంత జాబితాలోనూ బోనీ ఎం (జర్మనీలో తయారైన డిస్కో బృందం) లేదు. ఒక్క పాట కూడా లేదు! 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' అమెరికాలో 30వ స్థానం దాటి పైకి పోలేదు. మన ఊళ్ళల్లో ఇంగ్లీషు పాట అంటే బోనీ ఎం, ఆబా, అంతేగా. బీజీస్ పేరు నాకు తెలిసిందే చాలా ఆలస్యంగా. ఇలా ఎందుకైంది? ఎవరి నంబర్ వన్ ఏమిటో కూడా రాయండి.

గుంటూరు_గ్రేసు, రాత్రి 9:40

ప్రసాద్ గారూ, మీరు అమెరికా చార్టు పట్టుకుని కూర్చుంటే బోనీ ఎం ఎక్కడ కనపడుతుందండీ. బ్రిటన్ చార్టు తీయండి. 1978 మే నెలలో అక్కడ 'నైట్ ఫీవర్'ని దింపి ఆ కుర్చీలో కూర్చున్నదే 'రివర్స్ ఆఫ్ బాబిలాన్'. ఐదు వారాలు దిగలేదు. అది నెమ్మదిగా కిందికి జారుతుంటే రేడియో వాళ్ళు రికార్డు తిరగేసి వెనక వైపున్న 'బ్రౌన్ గర్ల్ ఇన్ ద రింగ్' వేయడం మొదలుపెట్టారు. దాంతో అదే రికార్డు మళ్ళీ రెండో స్థానం దాకా ఎక్కింది. ఒక్క బ్రిటన్‌లోనే 20 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. అదే ఏడాది క్రిస్మస్‌కి 'మేరీస్ బాయ్ చైల్డ్' మళ్ళీ నంబర్ వన్.

మా ఇంట్లో ఆ పాటకి వేరే కారణంతో ప్రవేశం దొరికింది. అది బైబిల్లో 137వ కీర్తన కదా. బబులోను నదుల దగ్గర కూర్చుని సీయోనును తలచుకుని ఏడ్చిన చెరవాసుల మాటలు. 1970లో జమైకాలో ద మెలోడియన్స్ అనే బృందం రాస్తఫారీ అనే అక్కడి మతం భక్తితో పాడుకున్న పాట అది. బోనీ ఎం దానికి డాన్సు దరువు కట్టింది. డ్రమ్ముల మోత వినగానే మొహం చిట్లించిన మా తాతయ్య, కీర్తన నంబరు చెప్పాక టేప్‌రికార్డర్ దగ్గరికి కుర్చీ జరుపుకున్నారు. ఏడుపు పాటకి ఇంతమంది గంతులేశారేమిటని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కోనసీమ_కృష్ణ (అమలాపురం), రాత్రి 10:05

మన దగ్గర బోనీ ఎం ఎందుకంటే, సమాధానం సింపులండి. గల్ఫు. మా వైపు ప్రతి వీధిలోనూ కువైటో మస్కటో వెళ్ళినోళ్ళు ఉండేవోరు. సెలవుకి వస్తా టూ-ఇన్-వన్ తెచ్చేవోరు, దాంతోపాటే నాలుగు క్యాసెట్లు. అక్కడ దొరికిందే ఇక్కడ మోగింది. ఒక ఇంటికొచ్చిన క్యాసెట్టు రికార్డింగు షాపులో పడితే ఊరంతా కాపీలే. ఊరి నంబర్ వన్ ఏదో తేల్చేది ఆ షాపాయనేనండి, బిల్‌బోర్డ్ కాదు. సినిమా హాల్లో ఆట మొదలవ్వకముందు వేసేది కూడా ఆ క్యాసెట్టే.

ఇంకోటండి, బోనీ ఎం ఇంగ్లీషు మాకు అర్థమయ్యేది. బీజీస్ ఆ సన్నగొంతుతో ఏం పాడుతున్నారో ఇప్పటికీ తెలీదు.

డీజే_శ్రావణ్ (హైదరాబాద్), రాత్రి 10:31

కృష్ణన్నా, సన్నగొంతు వదిలెయ్, దరువు విను. 'స్టేయిన్ అలైవ్'ల డ్రమ్స్ మనిషి వాయించినట్టుంటది, కానీ పాట పొడుగునా మనిషి వాయించలే. పారిస్ దగ్గర షాటో దెరువీల్ అని పాత కోట, దాంట్ల స్టూడియో. అక్కడ రికార్డింగ్ నడుస్తుంటే డ్రమ్మర్ డెనిస్ బ్రయన్ ఇంట్లోల్లకు బాగలేదని బ్రిటన్ పోయిండు. వేరే డ్రమ్మర్ దొర్కలే. ఇంజినీరు కార్ల్ రిచర్డ్‌సన్, ప్రొడ్యూసర్ ఆల్బీ గలూటెన్ ఏం చేసిన్రంటే, అప్పటికే రికార్డైన 'నైట్ ఫీవర్'ల కెల్లి రెండు బార్ల (బార్ అంటే తాళం ఒక చుట్టు) డ్రమ్స్ తీసి, టేపు కత్తిరించి, రెండు కొసలు అతికించి, మైక్ స్టాండ్ చుట్టూ తిప్పిన్రు. గానుగెద్దు లెక్క గదే రెండు బార్లు తిరుగుతనే ఉన్నయి. రికార్డు మీద డ్రమ్మర్ పేరు రాయాలె గదా, 'బెర్నార్డ్ లూప్' అని పెట్టిన్రు. లూప్ అంటే ఆ తిరిగే టేపే, అట్లాంటి మనిషే లేడు!

అది టెంపరరీ అనుకున్నరు, డ్రమ్మర్ తిరిగొచ్చినంక మళ్ల వాయిద్దామనుకున్నరు. కానీ ఆ టేపుకున్న ఊపు రాలే. ఆఖరికి గదే ఉంచిన్రు.

నా నంబర్ వన్ మాత్రం ఇది కాదు. డోనా సమ్మర్ 'ఐ ఫీల్ లవ్', 1977. బ్రిటన్ల నాలుగు వారాలు నంబర్ వన్, అమెరికల ఆరు కాడ ఆగింది. అది తయారైంది న్యూయార్క్‌ల కాదు, మ్యూనిక్‌ల. జార్జియో మొరోడర్ ఇటలీ ఆయన, పీట్ బెలాట్ ఇంగ్లండ్ ఆయన, పాడింది బోస్టన్ ఆమె. ఆల్బంల ఒక్కో పాట ఒక్కో కాలం తీర్ల చేసుకుంట పోయి, ఆఖరుది రాబోయే కాలం లెక్క ఉండాలని పెద్ద మూగ్ సింథసైజర్ (కరెంటుతోటి చప్పుడు పుట్టిచ్చే వాయిద్యం) ముంగట కూసున్నరు. అది సొంతం కూడ కాదు, ఎబర్‌హార్డ్ షోనర్ అనే కంపోజర్‌ది, ఆయన అసిస్టెంట్ రాబీ వెడెల్ దాన్ని నడిపిండు. శ్రుతి నిలవకపోయేది, ఇరవై ముప్పై సెకన్లు రికార్డు చేసుడు, ఆపుడు, మళ్ల ట్యూన్ చేసుడు. పాటంత మిషినే, ఒక్క కిక్ డ్రమ్ తప్ప. మిషిన్ల కెల్లి ఆ దెబ్బ రాలేదని కీత్ ఫోర్సీ కాలితోటి కొట్టిండు.

ఇయ్యాల మనం క్లబ్బుల వేసే టెక్నో అంత దీని పిల్లలే. అప్పట్ల బెర్లిన్‌ల ఉన్న బ్రయన్ ఈనో అనే సంగీతకారుడు ఈ రికార్డు పట్టుకొని పాటగాడు డేవిడ్ బోవీ కాడికి ఉరికొచ్చి, భవిష్యత్తు చప్పుడు విన్న అన్నడంట. బోవీనే చెప్పిండు.

బీట్_బుజ్జి, రాత్రి 10:38

నాకు డిస్కో అంటే మిథున్ చక్రవర్తి. మీరంతా ఏ గ్రహం మనుషులు?

కాకినాడ_డాక్టరు, రాత్రి 10:52

శ్రావణ్ చెప్పిన ఆ రెండు బార్లు మా వృత్తిలోకి కూడా వచ్చాయి. గుండె ఆగిన మనిషి ఛాతీ మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. 'స్టేయిన్ అలైవ్' వేగం నిమిషానికి 103. మనసులో ఆ పాట పాడుకుంటూ నొక్కండని శిక్షణలో చెప్తారు. పేరు కూడా సందర్భానికి అతికినట్టు ఉంది. క్వీన్ బృందం 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్' వేగం కూడా ఈ హద్దుల్లోనే ఉంటుంది, కానీ రోగి బంధువుల ముందు ఆ పాట పైకి పాడే ధైర్యం ఎవరికుంటుంది?

ఎడిసన్_నాగేశ్ (న్యూజెర్సీ), రాత్రి 11:20

డాక్టరు గారూ, క్వీన్ మాట ఎత్తారు కాబట్టి నేను దూరుతున్నా. ఆ పాటలో జాన్ డీకన్ వాయించిన బేస్ గిటార్ వరస ఎక్కడిదో తెలుసా? చిక్ బృందం 'గుడ్ టైమ్స్' విని ప్రభావితుడై కట్టాడు. 1979 ఆగస్టులో నంబర్ వన్ అయిన పాట. బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ బేస్, నైల్ రోజర్స్ గిటార్. అదే సంవత్సరం షుగర్‌హిల్ గ్యాంగ్ ఆ బేస్ మీదే 'రాపర్స్ డిలైట్' నిలబెట్టింది. రోజర్స్, ఎడ్వర్డ్స్ కోర్టుకి వెళ్తామన్నాకే ఆ రికార్డు మీద వాళ్ళ పేర్లు పడ్డాయి. హిప్ హాప్‌కి మొదటి పెద్ద హిట్ డిస్కో చేతి చలవే.

నా నంబర్ వన్ వాళ్ళదే, 'లె ఫ్రీక్'. 1977 డిసెంబరు 31 రాత్రి వీళ్ళిద్దరినీ గాయని గ్రేస్ జోన్స్ స్టూడియో 54కి రమ్మంది. మాన్‌హాటన్‌లో 54వ వీధి, ఆ ఏప్రిల్లోనే తెరిచిన క్లబ్బు. తలుపు దగ్గర లిస్టులో పేరు లేదని కాపలావాడు బయటికి పంపించేశాడు. లోపల వీళ్ళ పాటే మోగుతోంది! వాయిద్యాలు పట్టుకుని ఇంటికెళ్ళి ఆ కోపంలో ఆ తలుపు మనిషిని బూతు తిడుతూ ఒక పాట కట్టారు. బూతుతో రేడియోలో రాదని మాట మార్చారు. అదే 'లె ఫ్రీక్'. 1978 డిసెంబరులో నంబర్ వన్ అయింది, దిగింది, మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది, మూడోసారీ ఎక్కింది. ఆ రోజుల్లో 'వై.ఎం.సి.ఎ.' అనే డిస్కో పాటని అమెరికాలో రెండో స్థానం దాటనివ్వని పాటల్లో ఇదొకటి.

ఆ మధ్య అటు వెళ్తే చూశాను, ఇప్పుడది నాటకాలాడే హాలు.

వేదిక_నిర్వాహకుడు, రాత్రి 11:31

పాటల ఫైళ్ళు ఇక్కడ ఎక్కించొద్దు. రెండు పోస్టులు తీసేశాను. చర్చ బాగుంది, కానివ్వండి.

లెక్కల_మాస్టారు (తెనాలి), ఆదివారం ఉదయం 6:15

ప్రసాద్ గారి మొదటి ప్రశ్నకి ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. చార్టు అనగానే అదేదో ఓట్ల లెక్కింపు అనుకుంటాం. ఆ కాలంలో హాట్ 100 తయారైన పద్ధతి వేరు. రికార్డు షాపులకి ఫోన్లు చేసి ఏవి బాగా పోతున్నాయో అడిగేవారు, రేడియో స్టేషన్లు ఏవి వేస్తున్నాయో చూసేవారు, రెండూ కలిపేవారు. షాపు యజమాని 'ఇది బాగా పోతోంది' అంటే అదే లెక్క. బార్‌కోడ్ స్కాన్ చేసి అమ్మకాలు నిజంగా లెక్కపెట్టడం 1991లో గాని రాలేదు. అప్పట్లో బ్రిటన్ చార్టు రేడియోని లెక్కలోకి తీసుకునేది కాదు, షాపుల అమ్మకాల మీదే నడిచేది. ఒకే పాటకి ఒక దేశంలో ఒకటో ర్యాంకు, ఇంకో దేశంలో ముప్పయ్యో ర్యాంకు రావడానికి జనం అభిరుచి ఒక్కటే కారణం కాదంటాను. అమెరికా రేడియో బోనీ ఎం వైపు మొగ్గలేదు, అంతే.

మరో సంగతి. బిల్‌బోర్డ్‌లోనే డిస్కో క్లబ్బుల పాటలకి వేరే చార్టు ఉండేది. 1974లో టామ్ మోల్టన్ న్యూయార్క్ క్లబ్బుల సమాచారంతో కాలమ్ మొదలుపెట్టాడు, అందులోంచి పెరిగింది. ఆ చార్టులో ఒక్కోసారి పాటకి బదులు ఆల్బం మొత్తం నంబర్ వన్ అయ్యేది, ఎందుకంటే క్లబ్బుల్లో ఒక వైపంతా ఆపకుండా వేసేవారు. పన్నెండంగుళాల సింగిల్‌కి (ఒక్క పాట కోసం వేసే పెద్ద రికార్డు) మూలపురుషుడూ ఈ మోల్టనే. రికార్డు కోసే చోట ఏడంగుళాల ఖాళీ ప్లేట్లు అయిపోతే పెద్ద ప్లేటు మీద కోయించాడు. రికార్డు మీది గాళ్ళు ఎడంగా పడి చప్పుడు దద్దరిల్లింది. నన్నడిగితే డిస్కో ప్రపంచానికి ఇచ్చిన అసలు వస్తువు అదే. పాట మూడు నిమిషాల్లో ముగియాలన్న రూలు అక్కడ పోయింది.

పాత_రికార్డు_ప్రసాద్, ఉదయం 8:02

మాస్టారూ, దండాలు. ఇప్పుడు అర్థమైంది. అయితే బోనీ ఎం గురించి ఒక మాట. నలుగురిలో మగమనిషి బాబీ ఫారెల్ రికార్డుల్లో పాడనేలేదట! ఆ బొంగురు గొంతు నిర్మాత ఫ్రాంక్ ఫారియన్‌ది. మేజీ విలియమ్స్ కూడా పాడలేదు. లిజ్ మిచెల్, మార్షా బారెట్ మాత్రమే పాడారు. అభిమానులకి ఇది మోసం అనిపించలేదా?

గుంటూరు_గ్రేసు, ఉదయం 8:20

మోసం ఏమిటండీ! ఎన్టీఆర్‌కి ఘంటసాల పాడితే మోసం అన్నామా? బాలు గారు హీరోని బట్టి గొంతు మార్చి పాడితే చప్పట్లు కొట్టాం. ఒకరు పాడితే ఇంకొకరు ఆడడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. ఫారియన్ చేసిన తప్పల్లా పాడినవాడి పేరు దాచడం. ఆ తప్పే మిల్లీ వానిల్లీ అనే జంటతో మళ్ళీ చేసి 1990లో అందరి ముందూ దొరికిపోయాడు. బాబీ ఫారెల్ స్టేజి మీద ఆడిన ఆట మాత్రం ఎవరిదీ అప్పు కాదు.

వింత ఏమిటంటే, 1978 డిసెంబరులో బోనీ ఎం మాస్కో వెళ్ళి కచేరీలు చేసింది గానీ, రష్యా జార్ కొలువులోని సాధువు మీద కట్టిన తన పాట 'రాస్‌పుటిన్' అక్కడ పాడలేదు. బాబీ ఫారెల్ చనిపోయింది 2010 డిసెంబరు 30న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. రాస్‌పుటిన్‌ని చంపిందీ ఆ ఊళ్ళోనే, ఆ తేదీనే.

బీట్_బుజ్జి, ఉదయం 9:45

అమ్మో, రోమాలు నిక్కబొడుచుకున్నాయి గ్రేసక్కా. సరే, ఇందులో మనవాళ్ళు ఎవరూ లేరా? అంతా తెల్లోళ్ళు, నల్లోళ్ళేనా?

కోనసీమ_కృష్ణ, ఉదయం 10:10

ఎందుకు లేరు బుజ్జీ. బిడ్డు అనే సంగీతకారుడు ఉన్నాడుగా. బెంగుళూరులో పుట్టి లండన్ పోయిన మనిషి. 1974లో కార్ల్ డగ్లస్‌తో 'కుంగ్ ఫూ ఫైటింగ్' చేశాడు. వేరే పాటకి వెనక వైపు వేద్దామని ఆఖర్లో హడావిడిగా చుట్టేసింది అది. అటు అమెరికాలోనూ ఇటు బ్రిటన్‌లోనూ నంబర్ వన్. 1976లో టీనా చార్ల్స్‌తో 'ఐ లవ్ టు లవ్', అదీ బ్రిటన్‌లో నంబర్ వన్. 1980లో నాజియా హసన్ పాడిన 'ఆప్ జైసా కోయీ' ట్యూను ఆయనదే. అంటే డిస్కో మనకి రాకముందే మనోడు డిస్కోలో ఉన్నాడన్నమాట.

మరి మీ మిథున్ వెనకున్న బప్పీ లహిరి మనకీ చుట్టమే. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్', 'రౌడీ అల్లుడు' పాటలు ఎవరివనుకున్నావు? ఆయన 1980లో ఉషా ఉతుప్‌తో పాడించిన 'హరి ఓం హరి' వింటే 'వన్ వే టికెట్' గుర్తుకొచ్చి తీరుతుంది. ఆ పాటని డిస్కోగా పాడిన ఇరప్షన్ బృందాన్ని నడిపిందెవరు? బోనీ ఎం ఫారియనే. జర్మనీలో బయల్దేరింది బొంబాయి మీదుగా మా ఊరి రికార్డింగు డాన్సు దాకా వచ్చేసిందండి.

ఎడిసన్_నాగేశ్, ఉదయం 10:48

ఇక్కడ అమెరికాలో మాత్రం దీన్ని తగలబెట్టారు, అక్షరాలా. 1979 జులై 12, చికాగో కొమిస్కీ పార్క్, ఒకే రోజు రెండు బేస్‌బాల్ ఆటలు. స్టీవ్ డాల్ అనే రేడియో ఆయన, తన స్టేషన్ డిస్కోలోకి మారినప్పుడు ఉద్యోగం పోయినవాడు, 98 సెంట్లకే టికెట్, ఒక డిస్కో రికార్డు తెండి అన్నాడు. రెండు ఆటల మధ్య రికార్డుల పెట్టెని మైదానం మధ్యలో పేల్చారు. జనం మైదానంలోకి దూకారు, రెండో ఆట జరగనేలేదు, సొంత జట్టు ఓడినట్టు ప్రకటించారు. ఆ రోజు అక్కడ గేటు దగ్గర పనిచేసిన విన్స్ లారెన్స్ అనే నల్ల కుర్రాడు తర్వాత హౌస్ సంగీతంలో (డిస్కోలోంచి పుట్టిన క్లబ్బు సంగీతం) పేరు తెచ్చుకున్నాడు. జనం తెచ్చిన వాటిలో డిస్కో కానివి, కేవలం నల్లవాళ్ళు పాడినవి ఎన్నో ఉన్నాయని ఆయన చెప్పాడు. డాల్ మాత్రం తన మనసులో జాతి ద్వేషం లేదనే అంటాడు.

డిస్కో చచ్చింది ఆ రాత్రేనని ఇక్కడ చాలామంది రాస్తారు.

డీజే_శ్రావణ్, ఉదయం 11:15

సచ్చిందా? అన్నా, నెల దాటంగనే 'గుడ్ టైమ్స్' నంబర్ వన్. దాన్ని దింపింది 'మై షరోనా', రాక్ పాట, అది నిజమే. కానీ అక్టోబర్ల మైకేల్ జాక్సన్ 'డోంట్ స్టాప్ టిల్ యూ గెట్ ఎనఫ్', 1980ల 'ఫంకీటౌన్', డయానా రాస్ 'అప్‌సైడ్ డౌన్', అన్నీ నంబర్ వన్‌లే. 'అప్‌సైడ్ డౌన్' చేసింది మళ్ల చిక్ వాళ్లే. పేరు మార్చుకుంది గంతే, అదే దరువు. అమెరికల సంగీతానికి గ్రామీ అవార్డులు ఇచ్చేటోళ్లది ఇంకో నవ్వులాట. బెస్ట్ డిస్కో రికార్డింగ్ అని 1980ల అవార్డు పెట్టిన్రు, గ్లోరియా గేనర్ 'ఐ విల్ సర్వైవ్'కి ఇచ్చిన్రు, మరుసటేడు అవార్డే తీసేసిన్రు.

గుంటూరు_గ్రేసు, ఉదయం 11:40

ఆ పాట గురించి ఎవరూ రాయకపోతే నేనే రాద్దామనుకుంటున్నాను. 'ఐ విల్ సర్వైవ్'ని కంపెనీ రికార్డు వెనక వైపు పడేసింది. ముందు వైపు 'సబ్‌స్టిట్యూట్' అనే పాట. గ్లోరియా గేనర్ స్టేజి మీద పడి వెన్నుకి ఆపరేషన్ చేయించుకుని, నడుముకి పట్టీతో వచ్చి పాడింది. రాసిన ఇద్దరిలో డినో ఫెకారిస్ అప్పటికి కొన్నాళ్ళ క్రితం మోటౌన్ కంపెనీలో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ప్రేమికుడు వదిలేసిన పాట అంటారు గానీ, ఆ మొండితనం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరింది. స్టూడియో 54 డీజే రిచీ కాజర్ రికార్డు తిరగేసి వేశాడు, రేడియో వాళ్ళూ తిప్పారు. 1979 మార్చిలో అటు అమెరికా, ఇటు బ్రిటన్, రెండు చోట్లా నంబర్ వన్.

మగాళ్ళందరూ బేస్ గిటార్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఇది నా ఓటు.

పాత_రికార్డు_ప్రసాద్, మధ్యాహ్నం 12:25

ఓట్లు లెక్కపెడితే తన్నుకుంటారు, వద్దు. శ్రావణ్ తమ్ముడూ, 'ఐ ఫీల్ లవ్' నా దగ్గర మామూలు రేడియో సైజుదే ఉంది. ఏది వినమంటావు?

డీజే_శ్రావణ్, మధ్యాహ్నం 12:41

ముందు ఆల్బంల ఉన్నది విను అన్నా, ఆరు నిమిషాలకు జర తక్కువ. తర్వాత పాట్రిక్ కౌలీ చేసిన మిక్స్ పట్టు, పావుగంటకు పైన ఉంటది. 1978ల చేస్తే మామూలు జనానికి 1982ల గాని దొరకలే. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినకు, ఇయర్‌ఫోన్ పెట్టు. అసలు బేస్ ఒక చెవిల వస్తది, దాని ప్రతిధ్వని కొంచెం ఆలస్యంగ రెండో చెవిల వస్తది. రెండు కలిస్తేనే ఆ ఉరుకుడు. ఒక చెవితోటి వింటే సగం పాటే.

బీట్_బుజ్జి, మధ్యాహ్నం 12:44

అన్నా నాది కుడి పక్క పనిచేయట్లేదు. ఆ పక్క నువ్వు నోటితో వాయించు.